ఇస్త్రీ బల్ల కింద ఫ్లమరీ జాడీ

కువైట్ ఇళ్ళల్లో ఇరవై ఒక్క ఏళ్ళు వంటపని చేసి వచ్చాను. మా చుట్టుపక్కల నుంచి ఆ పనికే బయల్దేరే అమ్మాయిలు ప్రయాణానికి ముందు నా దగ్గరికి వస్తారు. "పిన్నీ, అరబ్బీ వంటలు నాలుగు చెప్పవా" అంటారు. మాంసం కలిపి వండే అన్నం చెప్తాను, పప్పుచారు లాంటి వాళ్ళ షోర్బా చెప్తాను. రాసుకుని వెళ్ళిపోతారు. చెప్పాల్సింది అది కాదని నాకు తెలుసు. నోటితో చెప్పలేక కాగితం మీద పెడుతున్నాను.

నేను బడికి వెళ్ళలేదు. మా నాన్న చర్చి సంఘంలో వాక్యం చెప్పే ఉపదేశి. నాకు ఆయనే ఇంట్లో అక్షరాలు దిద్దించారు. చేతిలో ఏది పడినా ముందు "స్తోత్రం" అనమని కూడా ఆయనే నేర్పారు. గ్లాసుడు మజ్జిగ ఇచ్చినా స్తోత్రం, తలుపు తగిలి వేలు నలిగినా, తెగలేదు కనక స్తోత్రం. ఆ అలవాటు నన్ను కువైట్‌లో బతికించింది. దానివల్ల జరిగిన చెడు కూడా ఉంది. అది చివర్లో చెప్తాను.

ఇంగ్లీషు అక్షరాలు మాత్రం ముప్పై రెండో ఏట, ఒక ముసలావిడ ఒళ్ళో పుస్తకం పెట్టుకుని నేర్పితే వచ్చాయి. నేను కూడబలుక్కుని చదివిన మొదటి మాట 'ఫ్లమరీ'. ఒక పాతకాలపు పుడ్డింగు పేరు.

హవల్లీలో మాడిన సూపు

ఇరాక్‌తో యుద్ధం అయిన మూడేళ్ళకి కువైట్ వెళ్ళాను. మొదటి ఇల్లు హవల్లీలో, నాలుగో అంతస్తు ఫ్లాటు. అక్కడి మామా, అంటే ఇంటి యజమానురాలు, బడిలో లెక్కలు చెప్పేది. మనిషి మహా కోపిష్టి. రెండో వారంలోనే ఆవిడ చుట్టాలు వచ్చిన రోజు షోర్బా అడుగంటించాను. దాచేద్దామనుకున్నాను. పైన ఉన్నదంతా ఇంకో గిన్నెలోకి వంపి నిమ్మకాయ పిండితే తెలియదు. ఎందుకో భయమేసి నేనే వెళ్ళి చెప్పేశాను. ఆవిడ గిన్నెడు సూపూ సింకులో కుమ్మరించి, గాడిదా అని తిట్టి, చుట్టాలకు హోటలు నుంచి తెప్పించింది. సాయంత్రానికి "సువార్తా, చాయ్ పెట్టు" అంది. ఖలాస్. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

తప్పును వేడిగా ఉన్నప్పుడే చెప్పెయ్యాలని అక్కడ నేర్చుకున్నాను. తీరా అవసరమైన రోజున ఆ నేర్చుకున్నది నాకు అక్కరకు రాలేదు.

పెద్ద మామా

రెండో ఇల్లు ముబారక్ అల్ కబీర్‌లో. అక్కడే పదిహేడేళ్ళు ఉన్నాను. ఇంటి యజమాని బాబా. ఆయన భార్య మామా. బాబా తల్లి పెద్ద మామా. ఈ పెద్ద మామా పుట్టుకతో ఇంగ్లీషావిడ. చదువుకోడానికి వాళ్ళ దేశం వెళ్ళిన కువైటీ కుర్రాణ్ణి పెళ్ళాడి, కువైట్ అంతా ఇసుకగా ఉన్న రోజుల్లో వచ్చేసిందట. నేను చేరేనాటికి భర్త పోయి చాలాకాలమైంది. నల్ల అబాయా వేసుకుని, అరబ్బీని దొరల యాసతో మాట్లాడేది. నా పేరు నోరు తిరక్క 'సూ' అనేది.

తొంభైల చివర ఆవిడకి పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ మాటా తిరిగి వచ్చాయి గానీ మింగే శక్తి రాలేదు. అన్నం అడ్డం పడేది. నీళ్ళు తాగితే పొలమారి కళ్ళు తేలేసేది. జారిపోయేలా, ముద్దగా గడ్డకట్టిన తిండే పెట్టమన్నాడు డాక్టరు. పాలతో చేసే మహల్లబియ్యా పెడితే "పసిపిల్లల తిండి" అని తోసేసింది. నెలకి మనిషి సగమైంది. అప్పుడు బీరువా అడుగు నుంచి వాళ్ళమ్మ చేతిరాత పుస్తకం తీయించి, ఒక పేజీ మీద వేలు పెట్టి, "చదువు" అంది.

ఆ మాటకి అర్థాలు

ఆవిడ ఒక్కో అక్షరం చెప్పిస్తూ, అర్థం చెప్తూ ఉంటే నేను కూడబలుక్కున్న ఆ పేజీలో ఉన్నది ఇదీ. ఓట్స్ పిండిని నీళ్ళలో మూడు రోజులు నానబెట్టి పులియనివ్వాలి. గుడ్డలో వడకట్టాలి. పిప్పి పారేసి, తెల్లటి నీళ్ళు కదలకుండా ఉంచితే గంజి అడుక్కి చేరుతుంది. పైన తేట వంచేసి, ఆ గంజిని సన్నని మంట మీద గరిటె ఆపకుండా కలుపుతూ ఉడికించాలి. గరిటె నుంచి రేకులా జారేటప్పుడు దింపి, తడిపిన గిన్నెలో పోసి చల్లారనిస్తే గడ్డకడుతుంది. బోర్లిస్తే గిన్నె ఆకారంతో వణుకుతూ నిలబడుతుంది. తేనె పోసుకుని తినాలి.

చదవడం పూర్తికాకుండానే నవ్వొచ్చింది. "ఇది మా తరవాణే గదా పెద్ద మామా!" అన్నాను. మా గోదావరి వైపు గంజీ అన్నం కలిపి కుండలో పులియబెట్టుకుని పొద్దున్నే తాగే నీళ్ళని చెప్పాను. ఆవిడ ముఖం వెలిగింది. ఫ్లమరీ అనే మాట తమ ఊరి పక్క కొండసీమ అయిన వేల్స్ వాళ్ళదని, పులిసినదీ జారేదీ అనే అర్థంలో వాళ్ళు పెట్టుకున్న పేరని, తమ వాళ్ళకి నోరు తిరక్క ఇలా మార్చుకున్నారని చెప్పింది. మొదట అది పేదల తిండి. తర్వాత జమీందార్ల ఇళ్ళకెక్కి ఓట్స్ పోయి పాలు, బాదం, గులాబీ పన్నీరు వచ్చాయి. చేపల్లాగా, కోటల్లాగా అచ్చుల్లో పోసి పెట్టేవాళ్ళు. చూడ్డానికి ఇంత, కడుపులోకి వెళ్తే ఏమీ లేదు. అందుకని పసలేని తీపి మాటల్ని, ముఖస్తుతిని కూడా జనం ఫ్లమరీ అనడం మొదలెట్టారట.

ఆవిడ రెండు రకాలుగానూ వాడేది. చుట్టాలు వచ్చి "అమ్మా, ఎంత కళగా ఉన్నావో" అని వెళ్ళగానే తలుపు వైపు చూసి "ఫ్లమరీ" అనేది. ఒకసారి నన్నే అంది. చెంచా నోటికందిస్తూ నేను ఏదో దేవుడికి, ఆవిడకి, డాక్టరుకి కలిపి దండకం చదువుతుంటే, "సూ, నీ కృతజ్ఞతలు ఈ మధ్య ఫ్లమరీ అవుతున్నాయి" అంది. నవ్వేశాను. ఆ రోజు నాకది వేళాకోళంగానే తోచింది.

ఏమైతేనేం, మొదటి గిన్నె మొత్తం తిన్నది. పొలమారలేదు. మామా గుమ్మంలో నిలబడి ఏడ్చింది. నేను లెక్కలేనన్ని స్తోత్రాలు చెప్పుకున్నాను.

నా తెలివి

ఇక్కడే నా పొరపాటు. పుస్తకంలో మూడు రోజులు అని ఉంది. పని అయ్యాక జాడీ కడిగి మళ్ళీ కొత్తగా మొదలెట్టాలి. తరవాణి కుండ అయితే మనవైపు అలా కడిగెయ్యరు. అడుగున పాత నీళ్ళు ఉంచి, రోజూ ఇంత గంజి చేరుస్తూ పోతారు. ఎంత పాతదైతే అంత గొప్ప. ఇంగ్లీషు వాళ్ళకి ఓపిక లేక కడిగేసుకుంటున్నారు, మనమైతే జాడీని బతికించుకుంటాం అనుకున్నాను. పుస్తకాన్ని మించిన వంటమనిషిననుకున్నాను.

వంటగదిలో ఎప్పుడూ ఏసీ. పులవదు. వెచ్చగా ఉండేది దొడ్డివైపు బట్టలుతికే గది ఒక్కటే. అందులో రమణమ్మ పడుకునేది.

రమణమ్మది రాయచోటి అవతల పల్లె. ఆ ఇంట్లో ఉతకడం, ఇస్త్రీ, ఊడ్చడం ఆమె పని. నాకన్నా మూడేళ్ళు చిన్న. అరబ్బీ నాలుగు మాటలు, ఇంగ్లీషు అసలు లేదు. వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళంతా కలిసి సారా కుండలు పగలగొట్టిన రోజుల్లో ముందు నడిచిన మనిషి. మొగుడు తాగి తాగి పోయాడు. ఆ కసి.

జాడీ పట్టుకెళ్ళి మూత గుడ్డ తీసి చూపించాను.

"ఏందక్కా ఈ కంపు! సారా కుండలు పగలగొడ్తిమి సూడు, అప్పుడొచ్చినాది ఇట్లాంటి వాసన."

"సారా ఏంటే, నోర్ముయ్. పెద్ద మామా తిండిది. ఆవిడ గొంతు దిగేది ఇదొక్కటే."

"అట్లయితే పెట్టుకోపో. ముసిలామె కోసరం ముక్కు మూసుకుంటాలే. ఇస్త్రీ బల్ల కింద పెట్టు, యెచ్చగా ఉంటాది. నాకు తలకాయ నొప్పొస్తే నీ దేవునికే సాడీలు సెప్తా."

"చెప్పుకో. ఆయన నా మాటే వింటాడు."

"ఆహా! పొద్దుకి నూరుసార్లు స్తోత్రాలు పోస్తాండావు, వినకుండా యాడికి పోతాడు!"

అలా రెండు నెలలు గడిచాయి. జాడీ బాగా పాతబడింది. బుడగలు వచ్చేవి. ఘాటు పెరిగింది. ఉడికిస్తే ఆ ఘాటు పోయేది గనక నాకు చింత లేదు. సారా ముట్టడమే నేరమైన ఆ దేశంలో పులిసిన నీళ్ళ వాసన ఒక పనిమనిషి గదిలోంచి వస్తే ఏమవుతుందో నాకు తెలియక కాదు. మన వాళ్ళు ఎక్కువగా ఉండే అబ్బాసియాలో ప్రార్థనకి వెళ్ళినప్పుడు ఎన్ని కథలు వినలేదు! ఇది సారా కాదు కదా అని ధీమా.

అబద్ధం లేని ఒక్క మాట

ఎండాకాలంలో పెద్ద మామాకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి ఆస్పత్రిలో పెట్టారు. తోడు నేను వెళ్ళాను. వెళ్తూ రమణమ్మకి చెప్పాను: "రోజూ పొద్దున ఒక గరిటె గంజి పొయ్యి. లేకపోతే జాడీ చచ్చిపోతుంది."

నాలుగో రోజు పొద్దున బాబా, వాళ్ళన్న ఇద్దరూ కారు కడిగించడానికి దొడ్డివైపు వచ్చారట. వాసన పట్టి గది తలుపు తీశారు. రమణమ్మ ఇస్త్రీ బల్ల కింద వంగి, నేను చెప్పినట్టే జాడీలో గరిటెతో గంజి పోస్తోంది.

"షినో హాదా?" ఇదేమిటి అని అరిచాడు బాబా.

"మామా... తిండి... పెద్ద మామా" అందట ఆమె. జాడీ మూతి దగ్గర ముక్కు పెట్టి, "ఖమర్" అన్నాడు వాళ్ళన్న. సారాకి వాళ్ళ మాట అది. నా పేరు మాత్రం రమణమ్మ చెప్పలేదు. తర్వాత నాకు ఆమే చెప్పింది: "నువ్వొస్తే ఇంగిలీసులో సక్కంగా సెప్తావు గదా అని ఊరికే ఉంటి."

మధ్యాహ్నం మేం ఆస్పత్రి నుంచి వచ్చాం. బాబా మమ్మల్ని తేవడానికి వచ్చినప్పుడు ముఖం బిగించుకుని ఉన్నాడు. పెద్ద మామా ముందు సీట్లో ఉంది. ఇద్దరూ ఇంగ్లీషులో తక్కువ గొంతుతో ఏదో మాట్లాడుకున్నారు. వెనక నాకు వినపడలేదు.

ఇంట్లోకి అడుగు పెట్టేసరికి హాల్లో జాడీ బల్ల మీద ఉంది. గోడ పక్కన రమణమ్మ, కాళ్ళ దగ్గర సంచీ. నన్ను చూసి ముఖం విప్పారింది. "అక్కొచ్చినాది" అంది, వాళ్ళకి అర్థం కాదని తెలిసీ, వాళ్ళతోనే.

బాబా నన్ను అడిగాడు. "సూ, దీని సంగతి నీకేమైనా తెలుసా?"

ఎంతసేపు? అర నిమిషం ఉంటుందేమో. ఆ అర నిమిషంలో నాకు సంచీ పట్టుకుని నిలబడ్డ నేనే కనబడ్డాను. వేలిముద్రలు వేయించి పంపేస్తే మళ్ళీ ఆ దేశంలో కాలు పెట్టనివ్వరు. ఊళ్ళో నాన్న ముందు ఏ ముఖంతో నిలబడను, ఉపదేశి కూతురు సారా కాసిందంటే. ఇవన్నీ అనుకున్నాను. అని, ఇంగ్లీషులో చెప్పాను: "నేను నాలుగు రోజులుగా ఆస్పత్రిలో ఉన్నాను బాబా."

అందులో ఒక్క అబద్ధమూ లేదు. వడకట్టిన గంజిలో పిప్పి లేనట్టే, ఆ మాటలో పంటికి తగిలేది ఏమీ లేదు. నున్నగా జారిపోయింది.

బాబా తల ఊపాడు. పెద్ద మామా కుర్చీలోంచి నన్నే చూస్తోంది.

రమణమ్మకి ఇంగ్లీషు రాదని చెప్పాను కదా. నేను మాట్లాడాను, బాబా తల ఊపాడు. ఆమెకి కనబడింది అంతే.

"సెప్పినావా అక్కా?"

"చెప్పాను."

ఇది అబద్ధం. ఆమె భాషలో, నా భాషలో, మొహం మీద చెప్పిన అబద్ధం.

"ఇనలేదా?"

"లేదే."

"పోనీలే. నువ్వేం జేస్తావు. ముసిలామెను సూసుకో." కళ్ళు తుడుచుకుని, "ఆ జాడీకి ఈ పొద్దు గంజి పోసినాలే" అంది.

యల్లా, యల్లా అని డ్రైవరు సంచీ ఎత్తాడు. మర్నాడు మధ్యాహ్నం విమానం అన్నారు. అంటే నాకు ఇంకా ఒక రోజు ఉంది. ఆ రోజంతా నేను వంటగదిలో ఇత్తడి సామాను తోముతూ గడిపాను. చెప్పాలని మూడుసార్లు హాలు గుమ్మం దాకా వెళ్ళాను. మూడోసారి మామా "ఏం కావాలి?" అంటే, "టమాటాలు అయిపోయాయి" అన్నాను.

చెప్పాక జరిగింది

విమానం వెళ్ళిపోయిన మూడో రోజున మామా కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పేశాను. జాడీ నాది, రమణమ్మకి ఏ పాపమూ తెలియదు అన్నాను. ఆవిడ గోళ్ళ రంగు ఆరబెట్టుకుంటోంది. నా వైపు చూడకుండానే అంది:

"తెలుసు. అత్తగారు కారులోనే చెప్పింది. అది తన తిండేనని."

నాకు అర్థం కాలేదు. "మరి?"

"మరి ఏమిటి? బాబా అన్నగారు కళ్ళతో చూశాడు. ఇంట్లో ఖమర్ దొరికిందన్న మాట అప్పటికే వాళ్ళ మగవాళ్ళు చేరే దివానియాలో పడింది. ఎవరో ఒకరు వెళ్ళాలి. అత్తగారు నీ చేత్తో తప్ప తినదు. ఇస్త్రీకి ఎవరైనా దొరుకుతారు." గోరు మీద ఊదుకుని, "ఖలాస్, సూ. నువ్వు మంచిదానివి. ఏడవకు" అంది.

అమ్మాయిలూ, మీరు చేరబోయే ఇళ్ళలో మంచివాళ్ళు ఉంటారు. వీళ్ళూ చెడ్డవాళ్ళు కారు. నన్ను ఆ పదిహేడేళ్ళలో చెయ్యెత్తి కొట్టింది లేదు, ఆకలితో ఉంచింది లేదు. కానీ మీలో ఎవరిది తప్పు అని వాళ్ళు చూడరు. ఎవరు అవసరం అని చూస్తారు. వంట బాగా నేర్చుకుంటే బతికిపోతామని నేనూ అనుకున్నాను. బతికిపోయాను. నా చేతి ఫ్లమరీయే నన్ను కాపాడింది, ఆమెను పంపించింది. నేను ముందే నిజం చెప్పినా వాళ్ళు ఆమెనే పంపేవాళ్ళేమో. అది నాకు ఊరట కాదు. నేను చెప్పడం వాళ్ళ కోసం కాదు కదా. ఆమె వినేలా చెప్పాలి. అది చెయ్యలేదు.

అంతకన్నా ఘోరం చేశాను. ఆ శుక్రవారం అబ్బాసియాలో మన వాళ్ళ ఫ్లాటులో ప్రార్థనకి వెళ్ళాను. సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచి నిలబడ్డాను. "ఈ వారం ఒక పెద్ద నిందలోంచి ప్రభువు నన్ను తప్పించాడు" అన్నాను. ఏ నింద, ఎవరి మీద పడింది అన్నది చెప్పలేదు. చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళందరూ "ఆమెన్" అన్నారు. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నాన్న నేర్పిన స్తోత్రాన్ని నేను అలా వాడుకున్నాను. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవచ్చు. దేవుడికి చెప్పిన స్తోత్రం ఎలా వెనక్కి తీసుకోవాలో నాకు ఎవరూ చెప్పలేకపోయారు.

జాడీని మూడు రోజులకోసారి కడగడం మొదలెట్టాను. పెద్ద మామా మరో ఆరేళ్ళు తిన్నది. చివర్లో మాటలు ఒక్కొక్కటే పోయాయి. మనుషుల పేర్లు పోయాయి, నా పేరూ పోయింది. ఫ్లమరీ ఒక్కటి మిగిలింది. నేను చెంచా పట్టుకుని ఎదురుగా కూర్చోగానే నా కళ్ళలోకి చూసి అనేది. గిన్నెలోదాన్ని అడుగుతోందో, నన్ను అంటోందో నేను అడగలేదు.

రాయచోటి అవతల

పని మానేసి వచ్చిన ఏడాది రమణమ్మ ఊరు వెతుక్కుంటూ వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. బస్సు దిగిన చోట టీ బంకు అతన్ని రమణమ్మ ఇల్లు అడిగాను.

"యా రమణమ్మ? సారా రమణమ్మనా?"

"కువైట్ పోయొచ్చినామె" అన్నాను.

"ఆయమ్మే. ఆడ సారా కాసి పట్టుబడినాదంట. ఈడ మా కుండలన్నీ పగలగొట్టి, ఆడికి పోయి తాను కాసినాది!" అని నవ్వాడు. అంత కాలమైనా ఆ ఊళ్ళో అది పాతబడని హాస్యం.

నాకన్నా చిన్నదైనా రమణమ్మ ముసలిదైపోయింది. నన్ను గుర్తుపట్టి గట్టిగా పట్టుకుంది. చుట్టుపక్కల ఆడవాళ్ళని కేకేసి పిలిచింది. "రాండి, రాండి! నేను సెప్తాంటి సూడు, ఈమే. నా కోసరం బాబాతో ఇంగిలీసులో కొట్లాడినామె. ఒక్కతన్నా నా మాట నమ్మింది గదా అని ఈమెను తలుసుకునే బతికినా."

ఎనిమిది మంది ఆడవాళ్ళు నన్ను దండం పెట్టేటట్టు చూశారు. చెప్పాల్సిన చోటు అదే. వినాల్సిన వాళ్ళంతా అక్కడే ఉన్నారు. ఆ ఒక్క మాటతో ఆమె పేరు కడిగేయొచ్చు. రమణమ్మ రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టింది. తిన్నాను. "స్తోత్రం తల్లీ" అన్నాను. సాయంత్రం బస్సుకి వచ్చేశాను.

ఆమెకి చదువు రాదు. మనవరాలు నర్సింగు చదువుతోంది. పై పుటలన్నీ ముందు ఆ పిల్లకి పంపాను, అవ్వకి చదివి వినిపించమని, వీలైతే ఆ ఆడవాళ్ళందరి ముందూ చదవమని. పది రోజులకి ఫోను చేసింది.

"సదివినా అమ్మమ్మా. అవ్వొక్కతికే సదివినా. మళ్ళా సదువు అనింది. రెండుసార్లు సదివినా. ఒకటి అడగమంటాంది."

"అడగమ్మా."

"మామాతో నువ్వు సెప్పినావు గదా జాడీ నీదని. అవ్వ విమానం ఎక్కకముందు సెప్పినావా, ఎక్కినాక సెప్పినావా అని."

కాగితంలో రాశాను. రెండుసార్లు విని కూడా అడుగుతోంది. "ఎక్కాక" అన్నాను.

అటువైపు ఆ పిల్ల అవ్వకి చెప్పడం వినపడింది. తర్వాత రమణమ్మ గొంతు, దూరంగా, మనవరాలితో: "సరేలే. పెట్టేసెయ్ పాపా."

తిట్టలేదు. తిట్టి ఉంటే దానికీ స్తోత్రం అనేదాన్ని.